గరిటె మోగించే పావురం

గేటు గది

అమ్మాయ్,

నువ్వు వేళకి తింటున్నావని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. తినకపోతే ఇక్కడే ఆపి, తిని వచ్చి చదువు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నువ్వు "అత్తయ్యా" అంటావు, నేను "ఊఁ" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకోవడమే. వాడు పోయినప్పటి నుంచి మన ఫోన్లకి జలుబు తగ్గలేదు. కాగితం మీదైతే ఏడ్చినా నాలుగు అక్షరాలు అలుక్కుంటాయి, అంతేగానీ విషయం ఆగిపోదు.

విషయం ఏమిటంటే, మన మేడలో తాళ్లన్నీ పీకేసి గోడలకి బటన్లూ బుల్లి లైట్లూ పెట్టాలని మీటింగులో తేల్చేశారు. సెక్రటరీ గారు లేచి, "ఈ రోజుల్లో ఇంకా తాళ్లేమిటండీ? మనం కాపురాలు చేసుకునే మనుషులమా, కొట్టంలో మేకలమా?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గేటు దగ్గర కూర్చునేదాన్ని, కొట్టకపోతే బాగుండదు కదా. అప్పుడాయన నా వైపు తిరిగి, "ఈ పని మీ కోడలి కంపెనీకే ఇచ్చామండీ, సంతోషమేనా?" అన్నారు. నా చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆ తాళ్లు కట్టింది ఎవరో నీకు నేను చెప్పాలా? అమ్మ మోకాళ్లు మెట్లెక్కలేవని, లిఫ్టు మరమ్మతు పని చూసుకుంటూనే, ఒక్కో వాటా నుంచి ఈ గదిలోకి ఒక్కో తాడు దింపాడు నా కొడుకు. పైవాళ్లు లాగితే ఇక్కడ మోగుతుంది. ఎవరి చప్పుడు వాళ్లది. ఇప్పుడు నా నెత్తి మీద సైకిల్ బెల్లూ, పాలడబ్బాలో గులకరాళ్లూ, గవ్వల దండా, ఇత్తడి గ్లాసూ చెంచా వేలాడుతున్నాయి. కొత్తవాళ్లెవరైనా చూస్తే పాత సామాన్లు కొనే దుకాణం అనుకుంటారు.

తీసేస్తే తీసేయండి, నాకేం. కత్తెర ఎప్పుడు తెస్తారో మాత్రం ముందుగా చెప్పు. ఆ పూట నేను మార్కెట్‌కి పోతాను.

నీ అత్తయ్య

*

ఆఫీసు క్యాంటీన్, గోడ పక్క బల్ల

అత్తయ్యా,

తిన్నాకే చదివాను. ఒట్టు.

ఈ పని వాళ్లు నాకివ్వలేదు, నేనే అడిగి లాక్కున్నాను. ఇంకెవరైనా అయితే వచ్చిన రోజే కత్తెర తీస్తారు. అసలు పద్ధతి అది కాదు. పాతదాన్ని తీసే ముందు అది ఏం చేస్తోందో తెలుసుకోవాలి. ఎవరు లాగుతారు, ఎందుకు లాగుతారు, విని మీరేం చేస్తారు, దాని వల్ల ఎవరికి ఏం జరుగుతుంది, అన్నీ కావాలి. జనం "మేం ఇలా చేస్తాం" అని చెప్పేది ఒకటీ, చేసేది ఒకటీ. నాకు రెండూ కావాలి. వాటాల వాళ్లకి ప్రశ్నల కాగితాలు పంపుతున్నాను. వాళ్లు చెప్పేది అందులో వస్తుంది. చేసేది మీరు చూసి రాయాలి.

ఒక సంగతి దాచకుండా చెబుతున్నాను. ఏ తాడుకైనా ఒక పని ఉందని తేలితే, ఆ పనిని కాపాడటం నా బాధ్యత. పనేమీ లేని తాడని తేలితే మాత్రం అది పోతుంది. అక్కడ నా మాట చెల్లదు.

మోకాళ్లకి నూనె రాస్తున్నారా?

మీ కోడలు

*

గేటు గది

అమ్మాయ్,

రాస్తున్నాను. సగం నూనె పిల్లి నాకుతోంది, దాని మోకాళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే కూర్చుని చూశాను. ముందు పళ్ల డాక్టరు గారి సంగతి. ఆయన చప్పుడు నీకు గుర్తే కదా, డబ్బాలో పాత కట్టుడుపళ్ల సెట్టు. లాగితే టకటకా కొరుకుతుంది. ఆయన నీ కాగితంలో "నేను ఎప్పుడూ తాడు లాగను" అని రాశాడట, అందరికీ చూపించుకుంటూ తిరిగాడు. ఇక్కడేమో పొద్దస్తమానం పళ్లు టకటకలాడుతూనే ఉంటాయి! నేను కింద నుంచి "ఏం కావాలి డాక్టరు గారూ" అని అరుస్తాను, ఆయన పైనుంచి "నేను పిలవలేదమ్మా" అని అరుస్తాడు. చివరికి తెలిసిందేమిటంటే, ఆ తాడు సరిగ్గా ఆయన కుర్చీ పక్కనే వేలాడుతుంది. ఆయన పట్టకారు తియ్యగానే కుర్చీలోవాళ్లు అదే పట్టుకుని వేలాడుతున్నారు.

ఇందులో నా తప్పు కూడా కొంచెం ఉంది తల్లీ. ఆ చప్పుడుని బట్టి లోపల ఎంత నొప్పిగా ఉందో నాకు తెలిసిపోతుంది కదా. గేటు దగ్గరికి ఎవరైనా బుగ్గ పట్టుకుని వస్తే, "ఇవాళ ఆయన చెయ్యి బరువుగా ఉందయ్యా, రేపు రా" అని పంపించేస్తున్నాను. పాపం, రోగులు తగ్గిపోతున్నారని ఆయన బోర్డు కూడా మార్చుకున్నాడు.

ఇక సెక్రటరీ గారు. మేకలు అన్నాయన. ఆయన సైకిల్ బెల్లు గబగబా మోగిందంటే ఇంటికి చుట్టాలు వచ్చి లేవడం లేదని అర్థం. వెంటనే నేను గొంతెత్తి, "సెక్రటరీ గారోయ్, మోటారు కాలిపోయింది, ఉన్నపళంగా రండీ" అని అరవాలి. ఆయన చెప్పులేసుకుని పరుగెత్తుకొచ్చి, నా గదిలో స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటాడు, చుట్టాలు వెళ్లేదాకా. ఆ మోటారు ఇప్పటికి ఎన్నిసార్లు కాలిందో దానికే తెలియదు. కొత్త బటను నొక్కితే లైటు వెలుగుతుంది సరే, అబద్ధం ఎవరు చెబుతారు?

నీ అత్తయ్య

*

ఆఫీసు క్యాంటీన్

అత్తయ్యా,

మీ ఉత్తరం మా పెద్దసారుకి చదివి వినిపించాను. ఆయన నవ్వి నవ్వి, చివరికి "ఆ అబద్ధం కూడా రాసుకో, అదీ ఒక అవసరమే" అన్నారు. రాసుకున్నాను. డాక్టరు గారి కుర్చీకి పట్టుకోవడానికి మెత్తటి పిడి పెట్టమని కూడా.

జడ్జి గారి సంగతీ సంగీతం మేష్టారి సంగతీ రాయండి. వాళ్లిద్దరి కాగితాలూ చదివితే నా తల తిరిగింది. మీరు రోజూ పొద్దున్నే తనని గౌరవంగా పిలుస్తారని మేష్టారు రాశారు. చట్టమంటే ఉన్న మర్యాద కొద్దీ మేష్టారు రోజూ తనకి పేపరు తెచ్చిస్తాడని జడ్జి గారు రాశారు. మధ్యలో ఏం జరుగుతోంది?

మీ కోడలు

*

గేటు గది

అమ్మాయ్,

తల తిరిగేది నాకు. నువ్వు అడిగాక తాళ్ల వెంట కళ్లు పెట్టి చూశాను. కప్పీల దగ్గర జడ్జి గారి తాడూ మేష్టారి తాడూ ఒకదాని మీదుగా ఒకటి పోయి చోట్లు మారిపోయాయి. వాడు కట్టేటప్పుడే మారిపోయినట్టున్నాయి. వాడికి ఎప్పుడూ అంతే, చొక్కా గుండీలు కూడా ఒకటి వదిలేసి పెట్టుకునేవాడు.

కాబట్టి జరిగేది ఇదీ. పొద్దున్నే రిటైరైన జడ్జి గారు "పేపరు వచ్చిందా" అని తాడు లాగుతారు. ఇక్కడ మోగేది మేష్టారి గవ్వలు. నేను "మేష్టారూ, పేపరొచ్చింది" అని కేకేస్తాను. ఏమీ లాగని మేష్టారు, ఆహా నా మీద ఈవిడకి ఎంత అభిమానం అనుకుంటూ దిగివస్తాడు. మెట్ల మీదే పేపరంతా చదివేసి, చదివేసిన పేపరు ఇంట్లో ఎందుకని జడ్జి గారి గుమ్మంలో పెట్టి దణ్ణం పెట్టి పోతాడు. జడ్జి గారు ఉప్పొంగిపోతారు. పేపరుకి డబ్బులు కట్టేది ఎవరో అడగొద్దు, నేనూ అడగలేదు.

సరిచెయ్యనా అని ఇద్దర్నీ అడిగాను. తాళ్ల సంగతి ఎత్తలేదులే, "పద్ధతి మార్చమంటారా" అన్నానంతే. జడ్జి గారు కళ్లజోడు తీసి, "రిటైరయ్యాక నా గుమ్మం ముందు తల వంచేవాడు ఆయనొక్కడేనమ్మా" అన్నారు. మేష్టారు, "పొద్దున్నే నన్ను పేరుపెట్టి పిలిచే గొంతు మీదొక్కటేనండీ" అన్నాడు.

ఆ చిక్కు అలాగే ఉంచు తల్లీ. కొత్త వైర్లు కూడా వాడిలాగే తప్పుగా కలుపు.

నీ అత్తయ్య

*

అద్దె గది, కిటికీ దగ్గర

అత్తయ్యా,

తప్పుగానే కలుపుతాను. మా ఆఫీసులో తప్పుని సరిగ్గా చెయ్యమని రాసిన మొదటి కాగితం ఇదే అవుతుంది.

ప్రశ్నల కాగితాలన్నీ వచ్చేశాయి. ఒక సంగతి మాత్రం అర్థం కావడం లేదు. "మీకు బాగా పనికొచ్చే చప్పుడేది?" అని అడిగితే, సైకిల్ బెల్లని గానీ గవ్వలని గానీ ఎవరూ రాయలేదు. వాటా వాటాకీ ఒకటే జవాబు: "సాయంత్రం గరిటె."

జడ్జి గారు అది మున్సిపాలిటీ వాళ్ల గంట అంటారు. డాక్టరు గారు పక్క మేడలో హోటలేదో ఉందంటారు. కవలల తల్లి అయితే లిఫ్టుకి వయసైపోయి సాయంత్రమయ్యేసరికి మూలుగుతుందని రాసింది. మీరు రాసినవాటిలో గరిటె అన్న మాటే లేదు. అది ఎవరి తాడు?

మీ కోడలు

*

గేటు గది

అమ్మాయ్,

గరిటె ఏమిటి, నాకేం వినపడదే. వయసు మీద పడింది, చెవులు కూడా అంతంతమాత్రం. పైన పావురాలు చేరాయి. లిఫ్టు గదిలో ఏదో ఇనుప సామాను మీద వాలుతుంటాయి, ఆ చప్పుడే అయి ఉంటుంది. పావురాల గురించి నీ కాగితంలో రాయక్కర్లేదు.

వానలు మొదలయ్యాయి. గొడుగు కొనుక్కున్నావా? పాతది ఒకవైపు వంగి ఉండేది, నువ్వూ అటే వంగి నడిచేదానివి.

నీ అత్తయ్య

*

అద్దె గది

అత్తయ్యా,

గొడుగు కొన్నాను. ఇప్పుడు నిటారుగా తడుస్తున్నాను.

పావురం రోజూ దీపాల వేళకే, ఆదివారం కూడా మానకుండా, ఒకే గరిటె మీద వాలుతుందంటే మా పెద్దసారు నమ్మడం లేదు. మొన్న మావాళ్లు వచ్చి మేడంతా ఫొటోలు తీశారు. అన్ని తాళ్లూ వాటాల నుంచి మీ గదికి దిగుతున్నాయట. ఒక్కటి మాత్రం మీ పొయ్యి పక్క నుంచి పైకి, లిఫ్టు గదిలోకి పోతోందట. "పైన ఎవరూ ఉండరు కదా, ఈ తాడెందుకు" అని అడుగుతున్నారు. ఏం చెప్పను?

మీ కోడలు

*

గేటు గది

అమ్మాయ్,

ఏమీ చెప్పకు. అదేదో పాత తాడు. ఇక పని లేదు దానికి.

ఇక్కడ మాత్రం అంతా గందరగోళంగా ఉంది. ఎందుకో తెలియదు, ఆ పావురం వాలడం మానేసింది. మేడ మేడంతా మతి పోయినట్టు తిరుగుతోంది.

జడ్జి గారు గరిటె మోగితే మాత్ర వేసుకుంటారట. నిన్న ఒక చేతిలో మాత్రా ఒక చేతిలో మంచినీళ్ల గ్లాసూ పట్టుకుని, తీర్పు చెప్పబోయేవాడిలా వరండాలో అలా నిలబడిపోయారు. మేష్టారు వచ్చి చూసి, గ్లాసు ఆయన నోటి దాకా ఎత్తాడు. ఆ మేష్టారి పాఠం కూడా గరిటెతోనే ఆగుతుందట. ఆపమనేవాళ్లు లేక ఆయన శిష్యురాలు ఒకే ముక్కని పాడుతూ పోయి, ఇప్పుడు సైగలతో మాట్లాడుతోంది. కవలల్ని వాళ్లమ్మ గరిటె మోగాక ఇంట్లోకి పిలుస్తుంది. అది మోగలేదు, ఆవిడ పిలవలేదు. చీకటి పడ్డాక చూస్తే ఇద్దరూ డాక్టరు గారి గదిలో ఉన్నారు. ఒకడు కుర్చీలో నోరు తెరిచి కూర్చున్నాడు, రెండోవాడు పట్టకారు పట్టుకున్నాడు. డాక్టరు గారు కట్టుడుపళ్ల తాడు పట్టుకుని కేకలు. ఆయన తాడు లాగడం నేను చూడటం అదే మొదలు.

రోజూ పోట్లాడుకునే రెండో అంతస్తు మొగుడూ పెళ్లాలు గుర్తున్నారా? గరిటె మోగాక మాటామాటా అనుకోకూడదని పెళ్లయిన కొత్తలో ఒప్పందం చేసుకున్నారట. మోగకపోయేసరికి, నువ్వు ఆపితే నేనాపుతా అనుకుంటూ సాగదీశారు. తెల్లారి పాలవాడు సర్దిచెప్పాడు.

అందరూ నా దగ్గరికొచ్చి, "గరిటె ఏమైందండీ?" అంటారు. సెక్రటరీ గారైతే, "ఇంతకీ ఆ గరిటె మన అసోసియేషన్‌దేనా?" అన్నారు. నేనేం చెప్పను. పావురం ఎటో పోయిందని చెప్పాను. అందరూ పావురం కోసం గింజలు చల్లుతున్నారు. మేడ మీద అడుగుపెట్టడానికి చోటు లేదు.

నీ అత్తయ్య

*

అద్దె గది

అత్తయ్యా,

మీతో పాటు ఒక పావురానికి కూడా రాస్తున్నాను. దయచేసి అందజేయగలరు.

పావురం గారికి,

మేడలో మనుషులు తమ సాయంత్రాలన్నీ మీ గరిటె మీద పెట్టుకుని బతుకుతున్నారని మా పరిశీలనలో తేలింది. మీకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. మీరు సిగ్గుపడి మానేశారని నా అనుమానం. సిగ్గుపడాల్సిన పనేం చేశారండీ మీరు?

మా కాగితంలో మీ తాడుకి "లాగేవారు", "వినేవారు", "కారణం", "జవాబిచ్చేవారు" అని నాలుగు గళ్లున్నాయి. వినేవారి గడి పట్టక పక్కకి కూడా రాశాను. కారణం గడి ఖాళీగా ఉంది. అది ఖాళీగా ఉన్నన్నాళ్లూ మీ తాడు కత్తెర కిందే ఉంటుంది. నా అంతట నేను నింపకూడదు. లాగేవాళ్లే చెప్పాలి.

మీకు గింజలు ఎక్కువైతే పిల్లికి పెట్టకండి, దానికి మోకాళ్లు బాగానే ఉన్నాయని విన్నాను.

మీ కోడలు

*

గేటు గది

అమ్మాయ్,

నువ్వు రాసింది పావురానికి చదివి వినిపించాను. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నేను పావురాన్నే గానీ నాకు వంట వచ్చు. పైన పనిచేసేవాడికి ఆకలి తెలియదు. లిఫ్టు తలలో తల పెడితే పిలుపు వినపడదు. ఎక్కి వెళదామంటే నాకు మోకాళ్లు లేవు. రెక్కలుండి ఎక్కలేకపోవడమేమిటని అడగకు, ఉన్నాయనుకున్న రెక్కలు ఉండవు ఒక్కోసారి. అందుకని వాడే పైన ఇనుప దూలానికి గరిటె కట్టి, తాడు నా పొయ్యి పక్కకి దింపాడు. కూర దించి ఇక్కడ లాగితే అక్కడ మోగేది. ఆ లిఫ్టు సందులో పడి చప్పుడు మేడంతా తిరిగేదని నాకేం తెలుసు? నేను పిలిచింది వాడొక్కడినే. కాసేపటికి నా చేతిలో తాడు రెండుసార్లు గుంజేది. వస్తున్నానమ్మా అని.

ఇక పావురం చెప్పడం అయిపోయింది తల్లీ. మిగతాది నేను చెబుతున్నాను.

వాడు లేడని నాకు తెలుసు. తెలియక లాగడం లేదు. నలుగురూ చూస్తే ముసలిదానికి మతి చెడిందనుకుంటారని దాచాను. కూర దించగానే చెయ్యి దానంతటదే అటు పోతుంది. లాగితేనే వంట అయినట్టు ఉంటుంది. లాగి, తాడు పట్టుకుని కాసేపు నిలబడతాను. అది కదలదు. అప్పుడు తింటాను. మానేసిన దగ్గర్నుంచి మేడకే కాదు, నాకూ ఆకలి వేళ తెలియడం లేదు. పొయ్యి మీద కూర పొయ్యి మీదే ఉంటోంది.

ఇందులో నీ గడిలో రాసే కారణం ఏముందో చూడు. ఏమీ లేదని రాసినా నిన్ను ఒక్క మాట అనను. మార్కెట్‌కి మాత్రం పోతాను.

నీ అత్తయ్య

*

మేడ పైన, లిఫ్టు గది

అత్తయ్యా,

ఈ ఉత్తరాన్ని స్టూలు మీద పెట్టి, లిఫ్టులో కిందికి పంపుతున్నాను. మధ్యలో ఎవరైనా ఎక్కితే చదవకుండా అందజేయమని పైన రాశాను. చదివినట్టు కనిపిస్తే అది జడ్జి గారే.

మీరు మార్కెట్‌కి వెళ్లడం చూసి వచ్చాను. గేటు దగ్గర మీ బదులు సెక్రటరీ గారు కూర్చున్నారు. వాళ్లింటికి చుట్టాలొచ్చారట. కంగారు పడకండి, కత్తెర తేలేదు.

రేపటి నుంచి బటన్లు పెడతాం. డాక్టరు గారికి మెత్తటి పిడి, సెక్రటరీ గారికి మోటారు కాలే బటను, మేష్టారికీ జడ్జి గారికీ తప్పు కలిపిన వైర్లు. పనికొచ్చే తాళ్ల పనులన్నీ కొత్తదాంట్లోకి పోయాయి. మీ తాడు పని మాత్రం ఏ బటనుకీ చేతకాదని మా పెద్దసారే సంతకం పెట్టారు. అది ఉన్నచోటే ఉంటుంది. కారణం గడిలో ఇలా రాశాను: "వంట అయింది."

జవాబిచ్చేవారి గడి ఇందాకే నింపాను. దాని గురించి మీకొకటి చెప్పాలి. కాగితాల్లో గరిటె అన్న మాట చూడగానే అదేదో నాకు తెలిసిపోయింది. ఇంకా మోగుతోందన్నదే తెలియదు. ఆ మాట చదివి, ఆ రోజు ఆఫీసు మానేసి గదిలో కూర్చున్నాను.

ఆయన పైన పనిచేస్తుంటే నేనూ ఇక్కడే పక్కన కూర్చునేదాన్ని కదా, పానాలూ స్క్రూడ్రైవర్లూ అందిస్తూ. గరిటె మోగగానే ఆయన గ్రీజు చేతులు పైకెత్తి, "నువ్వు లాగవే, నేను ముట్టుకుంటే తాడు నల్లగా అయిందని అమ్మ చంపేస్తుంది" అనేవాడు. ఆ రెండుసార్లు గుంజింది నేనే అత్తయ్యా. "వస్తున్నానమ్మా" అన్న మాట ఆయనది, చెయ్యి నాది. మాట ఎటు పోయిందో తెలియదు గానీ, చెయ్యి ఇదిగో, ఇక్కడే ఉంది.

పనయ్యేదాకా ఇక్కడే ఉంటాను. ఆ తర్వాతి సంగతి తిన్నాక మాట్లాడుకుందాం. పైనంతా గింజలే, జారిపడబోయాను. నిజం పావురాలు కూడా నాలుగు వచ్చి చేరాయి, మీ పుణ్యమా అని.

మీరు తిరిగి రావడం చూశాను గానీ, మీ సంచిలో కూరగాయలేమున్నాయో పైనుంచి కనపడలేదు. ఏదో ఒకటి వండండి. దించాక లాగండి. చేతిలో తాడు గుంజితే ఉలిక్కిపడకండి. పావురం కాదు.